తేమ యంత్రమూ తెల్ల దుమ్మూ

పాపకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు మా ఇంట్లో దాని ముక్కు గురించి తప్ప వేరే మాట ఉండేది కాదు. మామ పొద్దున లేచి, ముఖం కూడా కడుక్కోకుండా మా గది వాకిట్లో నిలబడి, "ఏమ్మా, ఇంజను ఎట్లుండాది?" అని అడిగేవారు. పాప నిద్రలో గుర్రుగుర్రుమని తీసే శబ్దానికి ఆయన పెట్టిన పేరు ఇంజను. "ఇంగా కూస్తానే ఉండాది మామా," అంటే తల ఊపి కాఫీకి వెళ్ళిపోయేవారు.

పాప మాత్రం నవ్వుతూనే ఉండేది. కష్టమంతా పాలు తాగేటప్పుడే. రెండు గుక్కలు తాగి వదిలేసేది. నోటితో గాలి పీల్చుకుని మళ్ళీ పట్టుకునేది. మళ్ళీ వదిలేసి ఏడ్చేది. కడుపు నిండకుండానే అలిసిపోయి నిద్రపోయేది. ఒకరోజు ముక్కు తుడిస్తే తెల్ల గుడ్డ మీద సన్నటి ఎర్ర గీత కనిపించింది. ఆ గుడ్డ పట్టుకుని అత్త దగ్గరికి పరుగెత్తాను.

నేను అసలే భయస్తురాలిని. పాప పుట్టాక ఆ భయం పాపతో పాటే పెరిగింది. ఫోనులో గడియారం తెరిచి పెట్టుకుని దాని ఊపిరి ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టేదాన్ని. ముప్పై దాటితే ఒకసారి, దాటకపోతే ఇంకొకసారి లెక్కపెట్టేదాన్ని. అత్త చూసి, "అది ఊపిరి తీసేది దేవుడు చూసుకుంటాడులే గానీ, నువ్వు తీస్తావుండావా లేదా అది చూసుకో," అనేది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పాప వీపు మీద చాలాసేపు విని, ఛాతీలో ఏమీ లేదన్నాడు. చలికాలం పోయే ముందు మా కోలారు వైపు చలి కన్నా పొడి ఎక్కువ. తీగ మీద వేసిన పాప గుడ్డలు గంటలో అప్పడాల్లా అయ్యేవి. ఆ పొడి గాలికి లోపల ముక్కు ఎండి, పక్కు కట్టి, అది ఊడినప్పుడు కాస్త రక్తం వస్తోందని చెప్పాడు. ఉప్పునీటి చుక్కలు రాసిచ్చాడు. "గదిలో కొంచెం తేమ ఉండేట్టు చూసుకోమ్మా. ఈ నెల గడిస్తే చాలు," అన్నాడు.

కొంచెం తేమ. ఆ రెండు మాటలు పట్టుకుని నేను మూడు రోజులు చదివాను. పాప నిద్రపోయినప్పుడల్లా, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, రెండో చేత్తో ఫోను పట్టుకుని, గదిలో తేమ పెంచే యంత్రాల గురించి దొరికినంతా చదివాను. మూడు రకాలున్నాయి. ఒకటి నీళ్ళు కాచి ఆవిరి వదిలేది. పాప అప్పుడే పాకడం మొదలుపెట్టింది, కనిపించిన వైరునల్లా లాగుతోంది, కాగే నీళ్ళు ఇంట్లో వద్దనుకున్నాను. రెండోది తడి ఫిల్టరు గుండా ఫ్యాను గాలి పంపేది. అది మంచిదే, కానీ ఆ ఫిల్టరు మార్చాల్సి వస్తే మా బజారులో యాడ దొరుకుతుంది. మూడోదాంట్లో నీళ్ళ అడుగున చిన్న బిళ్ళ ఉంటుంది. అది కంటికి కనపడనంత వేగంగా అదిరి, నీళ్ళను పొగమంచులా పైకి వదులుతుంది. వేడి లేదు, చప్పుడు లేదు. అదే కావాలనుకున్నాను.

మా ఆయన తెల్లవారకముందే బెంగళూరు రైలు ఎక్కే మనిషి. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడతానన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "కంటితో చూడకుండా, చేత్తో పట్టకుండా సామాను కొంటారా యాడన్నా?" అంది. పాపను మామకు అప్పజెప్పి మేమిద్దరం రాబర్ట్‌సన్‌పేట బజారుకు వెళ్ళాం.

అక్కడ మిక్సీలూ హీటర్లూ అమ్మే అంగడి ఒకటుంది. తాతల నాటి నుంచి వ్యాపారం చేసే కుటుంబం. అంగడాయన మా మాట విని ముందు జలుబుకు ఆవిరి పట్టే గిన్నె తెచ్చాడు. అది కాదన్నాను. గది హీటరు చూపించాడు. అది అసలే కాదన్నాను. చివరికి అటక మీద నుంచి మూడు డబ్బాలు దింపించి, దుమ్ము దులిపి ముందు పెట్టాడు.

"ఇది తీసుకోమ్మా. దీంట్లో ఏడు రంగుల లైటు వస్తాది," అన్నాడు.

"లైటు చూసి ముక్కు తెరుచుకుంటాదా అప్పా?" అంది అత్త.

"పాపకు బాగుంటాది గదా పెద్దమ్మా, చూసి నవ్వతాది."

"నవ్వేదానికి మా ఇంట్లో ఆయన ఉండాడులే."

నేను రాసుకొచ్చిన కాగితం చూస్తూ ఎన్ని లీటర్లు పడతాయి, ఎన్ని గంటలు నడుస్తుంది, నీళ్ళు అయిపోతే దానంతట అదే ఆగుతుందా అని అడుగుతున్నాను. అత్త అవేవీ వినలేదు. ఒక్కో యంత్రం మూత తీసి, గాజులు పైకి తోసుకుని, నీళ్ళ తొట్టిలోకి చెయ్యి దూర్చి చూసింది. మొదటిదాంట్లో నాలుగు వేళ్ళే పట్టాయి. రెండోదాని మూతి ఇంకా ఇరుకు. మూడోదాంట్లోకి చెయ్యి మోచేతి దాకా పోయింది. లోపల అన్ని మూలలూ తడిమి చెయ్యి బయటికి తీసింది.

"ఇది ఇయ్యప్పా," అంది.

"అదేమి పెద్దమ్మా, కంపెనీ కూడా చూడలేదు నువ్వు?"

"చెయ్యి పట్టని చెంబు తోమేదెట్ల? తోమకపోతే పాచి పట్టదా? నీళ్ళుండేది ఏదైనా అంతే."

నా కాగితంలో పది పాయింట్లున్నాయి. ఆమె చెప్పింది ఒక్కటే. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేనూ ముందు అదే చెబుతాను.

డబ్బాలో చిన్న పుస్తకం వచ్చింది. అందులో డిస్టిల్డ్ వాటర్ వాడమని ఉంది. సాయంత్రం మా ఆయన అది చదివి, "ఇది ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేది గదా? పాప గదిలో బ్యాటరీ నీళ్ళు ఎందుకు?" అన్నాడు. నాకూ అది సరైన మాటే అనిపించింది. మా బోరు నీళ్ళు గాజులా తేటగా ఉంటాయి. అవే పోశాం.

యంత్రం మూతి నుంచి పొగమంచు లేచినప్పుడు పాప చేతులు రెండూ చాచి దాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించింది. పిడికిలి మూసి, తెరిచి, ఏమీ లేకపోవడం చూసి, నా వైపు చూసి, మళ్ళీ మూసింది. మామ మంచం అంచున కూర్చుని కళ్ళల్లో నీళ్ళు వచ్చేంత నవ్వారు. ఆయన ఇక్కడి బంగారు మైను మూసేసే దాకా అండర్‌గ్రౌండులో డ్రిల్లరుగా పనిచేసిన మనిషి. "మాకు కింద ఈ పొగ ఊరికే దొరికేది," అన్నారు. "చొక్కా పిండితే చెంబు నీళ్ళు కారేవి. మనవరాలికి అంగట్లో కొనాల్సి వచ్చింది చూడు."

నాలుగు రోజులు బాగా గడిచాయి. ఇంజను తగ్గింది. నేను రాత్రిళ్ళు కొంచెం నిద్రపోయాను.

ఐదో రోజు పొద్దున నల్ల టీవీ మీద సన్నటి తెల్ల పొడి కనిపించింది. తుడిచాను. మరుసటి రోజు మళ్ళీ ఉంది. అద్దం మీద, అల్మారా మీద, ఉయ్యాల కట్టిన గొలుసుల మీద కూడా ఉంది. పాప తల నిమిరితే నా అరచేతికి పౌడరులా తెల్లగా అంటింది. నేను పాపకు పౌడరు వెయ్యను.

మా ఊళ్ళో తెల్ల దుమ్ము అంటే అర్థం ఒక్కటే. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడిని పోసిన సైనైడ్ దిబ్బలు మా కాలనీ వెనకే ఉన్నాయి. గాలి నెలల్లో, ఇక్కడివాళ్ళు ఆడి అనే ఆషాఢంలో, ఆ పొడి లేచి ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని అన్నం మీద పడుతుంది. నేను పుట్టి పెరిగింది ముళబాగిలులో. అక్కడ మాకు తెలిసిన దుమ్ము లారీలు లేపేది, ఎర్రగా ఉంటుంది, కడిగితే పోతుంది. ఈ దుమ్ము గురించి పెళ్ళయ్యాకే విన్నాను. ఇది రొమ్ములోకి పోతే బయటికి రాదని, మామతో పనిచేసినవాళ్ళలో చాలామంది దగ్గి దగ్గి పోయారని అత్త చెప్పింది. మామ కూడా నాలుగు మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకుంటారు.

ఆ దుమ్ము నా పాప తల మీద ఉంది.

మామకు చూపించాను. ఆయన వేలితో తాకి చూశారు. లోపలికి వెళ్ళి రెండు పాత పంచెలు తెచ్చి, చింపి, తడిపి, కిటికీ సందుల్లో దోపడం మొదలుపెట్టారు. తలుపు కింద సందులోనూ తడి గుడ్డ పెట్టారు. వెంటిలేటరుకు అట్ట కొట్టారు. అంతా అయ్యాక యంత్రం వైపు చూపించారు.

"దాన్ని ఫుల్లు పెట్టమ్మా."

"ఫుల్లు పెడితే ఎక్కువవుతాదేమో మామా?"

"రాయిని ఎండుగా తొలిస్తే దుమ్ము లేస్తాది. నీళ్ళు కొడతా తొలిస్తే అణుగుతాది. మాకు మొదటి దినం నేర్పించింది అదే. దుమ్ముకు మందు నీళ్ళే. ఆపొద్దు, రాత్రీ పగలూ ఆడనీ."

దుమ్ము గురించి ఆయనకన్నా తెలిసినవాళ్ళు ఎవరుంటారు. ఫుల్లుగా పెట్టాను.

మరుసటి రోజు దుమ్ము రెండింతలైంది. మామ ఇంకా రెండు పంచెలు చింపారు. యంత్రంలో నీళ్ళు ఎప్పుడూ తగ్గకుండా చూశాం. ఆ మరుసటి రోజు కిటికీ గూట్లో వేలితో పేరు రాయగలిగేంత తెల్లగా పేరుకుంది. గది చీకటిగా, మసకగా, స్నానాల గదిలా తయారైంది. దుప్పటి చల్లగా తగిలింది. గోడ మూలలో బూజు వాసన మొదలైంది. పాప ముక్కు మళ్ళీ మూసుకుపోయింది, ఈసారి పొడి దగ్గు కూడా తోడైంది. పాలు పట్టుకుని వదిలేసి, నా ముఖంలోకి చూసి, మళ్ళీ పట్టుకోకుండా ఏడ్చింది.

ముళబాగిలుకు ఫోను చేసి అమ్మతో, ఆదివారం వస్తున్నానని చెప్పాను. ఎన్నాళ్ళుంటానో తెలియదన్నాను. పాప బట్టలు సంచిలో సర్దుతుంటే మామ వాకిట్లో నిలబడి చూశారు. నేను ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు.

"పోమ్మా. అదే మంచిది. నేను దిబ్బను తీసి యాడ పెట్టేది?" అన్నారు. కాస్త ఆగి, "ఆ రాయి తొలిచిందే నేను. ఇట్ల వచ్చి బిడ్డ మింద పడతాదని అనుకున్నానా," అన్నారు.

సంచి జిప్పు వేసి పక్కన పెట్టాను.

అప్పుడే అత్త చీపురూ తడి గుడ్డా పట్టుకుని గదిలోకి వచ్చింది. "పొయ్యేదానికి ముందు ఈ గలీజన్నా తుడుస్తా," అని కిటికీ గూడు దగ్గరికి వెళ్ళింది. గుడ్డ పెట్టబోయి ఆగింది. రెండు వేళ్ళతో కొంచెం పొడి తీసి, వేళ్ళ మధ్య నలిపింది. మళ్ళీ నలిపింది. తర్వాత, నేను చూస్తుండగానే, వేలు నాలుక మీద పెట్టుకుంది.

"అత్తా, ఏం చేస్తావుండారు, అది సైనైడ్ దుమ్ము," అంటూ నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"సుమ్మా ఉండు," అని నా చెయ్యి తోసేసి, పళ్ళ మధ్య ఆ పొడిని కొరికినట్టు చేసి, కాసేపు గోడ వైపు చూసింది. ఉమ్మేసి, కొంగుతో నోరు తుడుచుకుంది. "ఇది దిబ్బది కాదు."

"నువ్వు కనిపెట్టినావా?" అన్నారు మామ వాకిట్లోంచి. "నలభై ఏండ్లు ఆ రాయితో బతికింది నేను."

"తొలిచింది నువ్వు. తుడిచింది నేను. ప్రతి ఆడినెలా అన్నంలో, నీళ్ళలో, నోట్లో అదే గదా. అది పంటి కింద పడితే కరకరమంటాది. ఇది మెత్తగా పోతావుండాది." ఇంకో చిటికెడు తీసి ఆయన ముందు చాచింది. "సరి, ఇంగోటి అడుగుతా చెప్పు. దిబ్బ దుమ్ము లేసేది ఏ నెలలో?"

"ఆడిలో."

"ఇప్పుడు ఆడినా?"

మామ తల తిప్పి వాకిలి బయటికి చూశారు. బయట తీగ మీద పాప గుడ్డలు కదలకుండా నిటారుగా వేలాడుతున్నాయి. ఆకు కూడా ఆడడం లేదు. మూడు రోజులుగా కిటికీలన్నీ మూసి, గుడ్డలు దోపి కూర్చున్నామే గానీ, బయట గాలి ఉందా లేదా అని ఒక్కరమూ చూడలేదు.

"అయితే యాడిది ఇది?" అన్నాను.

"మన హండాలో ఉండేదే," అంది అత్త. స్నానానికి నీళ్ళు కాచే హండా అది, పెరట్లో ఉంటుంది. అడుగున తెల్లటి సున్నం పొరలు పొరలుగా పట్టి ఉంటుంది. అత్త నెలకోసారి గరిటె కాడతో దాన్ని కొట్టి ఊడదీస్తుంది. "దాన్ని గీకితే ఇదే రుచి."

ఆమె హండా సున్నం రుచి ఎప్పుడు చూసిందో నేను అడగలేదు.

నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివాను. కఠిన జలం గురించి పరీక్షలో రెండు పేజీలు రాశాను. ప్రాక్టికల్స్‌లో ఇవే కోలారు బోరు నీళ్ళు ఫ్లాస్కులో పోసి, ద్రాక్ష రంగు నీలంగా మారే దాకా చుక్కలు చుక్కలుగా వేసి, నీళ్ళలో ఎంత సున్నం ఉందో తేల్చి, లెక్చరరు చేత మెచ్చుకోలు కూడా తీసుకున్నాను. నీళ్ళు ఆవిరైతే సున్నం అడుగున మిగులుతుంది. ఈ యంత్రం ఆవిరి చెయ్యదు. నీళ్ళను సున్నంతో సహా తుంపరలు చేసి గాల్లోకి విసురుతుంది. తుంపర గాల్లో ఆరిపోతుంది, సున్నం పాప తల మీద దిగుతుంది. మూడు రోజులు చదివిన నాకు ఇది తట్టలేదు. అత్తకు నాలుక మీద తెలిసింది.

అయినా నాకు నమ్మకం కుదరాలి. వంటింట్లోంచి రెండు స్టీలు మూతలు తెచ్చాను. ఒకదాంట్లో గదిలోని పొడి వేశాను. మామ చెప్పులేసుకుని పెరటి గోడ దాటి వెళ్ళి, దిబ్బ మట్టి ఒక పిడికెడు కాగితంలో పొట్లం కట్టి తెచ్చారు. ఆయన ముఖం పరీక్ష రాయబోయే పిల్లాడిలా ఉంది. అది రెండో మూతలో వేశాను. నిమ్మకాయ కోసి రెండింటి మీదా పిండాను.

దిబ్బ మట్టి నిమ్మరసంలో తడిసి, బురదై, అట్లే కూర్చుంది. గదిలో పొడి సన్నగా చిమచిమలాడింది. చిన్న చిన్న బుడగలు లేచాయి. చూస్తుండగా కరిగి సగమైంది.

మామ వంగి రెండు మూతల్నీ చాలాసేపు చూశారు. ఆయన అంత వంగడం ఈ మధ్య నేను చూడలేదు.

"నాది కాదు," అన్నారు.

"నీది కాదు," అంది అత్త. "నువ్వు తొలిచింది అక్కడే ఉండాది, చూడు, కదల్లేదు. బిడ్డ మింద పడింది మన బోరు నీళ్ళు. దుమ్ముకు మందు నీళ్ళంట. ఆ నీళ్ళే దుమ్ము పోసినాయి, నువ్వు ఇంగా పొయ్యి ఇంగా పొయ్యి అంటివి."

"అది రాయికి చెప్పిన మాట," అన్నారు మామ. ఆయనకు నవ్వు వచ్చింది, ఆ నవ్వు దగ్గులోకి మారింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వారు. పాపను నా చంకలోంచి తీసుకుని పెరట్లోకి వెళ్ళి, పక్కింటి గోడ మీద నుంచి ఎవరితోనో ఈ కథ మొదలుపెట్టడం నాకు వినిపించింది. అప్పటికే ఆ కథలో నిమ్మకాయ పిండింది ఆయనే.

నేను గుడ్డలన్నీ పీకేశాను. కిటికీలు బార్లా తెరిచాను. అట్ట ఊడదీశాను. దుప్పట్లు ఎండలో వేశాం. డాక్టరుకు ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, అందుకు నేను కృతజ్ఞురాలిని. సున్నం పొడి ఎంత చెడ్డదో, గదిని మూసేసి మరీ తడి చేయడం కూడా అంతే చెడ్డదన్నాడు. కిటికీ ఒక రెక్క ఎప్పుడూ ఓరగా ఉండాలని, యంత్రాన్ని పాప నిద్రపోయేటప్పుడు మాత్రమే, అదీ తక్కువ మీద పెట్టమని, రెండు రోజుల్లో దగ్గు తగ్గకపోతే తీసుకురమ్మని చెప్పాడు.

ఆ సాయంత్రం నుంచి యంత్రంలో ఫిల్టరు నీళ్ళే పోస్తున్నాం. వీధి చివర నాణెం వేస్తే సున్నం తీసేసిన నీళ్ళు పట్టుకునే ఆర్వో ఫిల్టరు అంగడి ఉంది. తాగే నీళ్ళు ఎట్లాగూ అక్కడివే. నీళ్ళు తెచ్చే పని, యంత్రం చూసుకునే పని తనవేనని మామ చెప్పేశారు. ఐదు లీటర్ల క్యాను సైకిలుకు తగిలించి, తొక్కకుండా నడిపించుకుంటూ వస్తారు. దారిలో కనిపించినవాళ్ళందరికీ అది మనవరాలి ముక్కుకు అని చెబుతారు.

పొద్దున ఆరుకల్లా ఫస్టు షిఫ్టు మొదలవుతుంది. రాత్రి మిగిలిన నీళ్ళు పారబోయాలి, నిలవ నీళ్ళ మీద కొత్త నీళ్ళు పోయకూడదు. తొట్టిని మంచి నీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, పెరటి అరుగు మీద బోర్లించాలి. సాయంత్రం దాకా అది ఎండలోనే ఉంటుంది. వారానికోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి అరగంట ఉంచి, అడుగున ఉన్న బిళ్ళను మెత్తటి బ్రష్షుతో సున్నితంగా రుద్దాలి. గోరు తగలకూడదు. తర్వాత నిమ్మ వాసన పోయే దాకా మూడు నీళ్ళు మార్చి కడగాలి. ఇదంతా నేను పుస్తకం చూసి ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పబోతే మామ, "బ్లాస్టింగు చేసిన చేతులమ్మా ఇవి. దీన్ని పేల్చనులే," అన్నారు.

అత్త ఒకసారి కొబ్బరి పీచూ సబీనా తీసుకుని తొట్టి మీదికి వెళ్ళింది. మామ అడ్డం నిలబడ్డారు.

"గీతలు పడతాయి. ఆ గీతల్లో పాచి చేరతాది."

"నలభై ఏండ్లు నీ టిఫను క్యారేజీ దీంతోనే తోమినా."

"అందుకే దాని మూత పట్టేది కాదు."

ఇంకోసారి ఆమె నీలగిరి తైలం రెండు చుక్కలు వేద్దామంది. మంచి వాసనొస్తుంది, జలుబు పోతుంది. పసిపిల్లలకు ఆ ఘాటు మంచిది కాదని, ప్లాస్టిక్కు కూడా పగిలిపోతుందని చెప్పాను. ఈసారి నేను కొంచెం గట్టిగానే చెప్పాను. ఆమె తైలం సీసా మూత బిగించి, "సరిలే, కెమిస్ట్రీ చదివినదానివి," అంది. ఆ రోజుల్లో ఆ మాట ఇంట్లో అందరూ అనేవారు, ముఖ్యంగా నేను పాలు పొంగించినప్పుడు.

మా ఆయన బెంగళూరు నుంచి గదిలో తేమ ఎంతుందో చూపించే చిన్న మీటరు తెచ్చాడు. మూడు రోజులు ఊపిరి బదులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. నలభై, యాభై మధ్య ఉంటే చాలట. యాభై ఐదు చూపిస్తే లేచి కిటికీ ఇంకొంచెం తెరిచేదాన్ని. నాలుగో రోజు అత్త దాన్ని తీసి నాకు అందనంత ఎత్తులో అల్మారా మీద పెట్టింది. టీవీ మీద దుమ్ము పూర్తిగా పోలేదు. వారానికి ఒకసారి తుడిస్తే వేలికి అంటీ అంటనట్టు ఉంటుంది. అది ఏ ఇంట్లోనైనా ఉండే దుమ్మే. అయినా మొదట్లో నేను ప్రతిసారీ నిమ్మకాయ కోసేదాన్ని.

నిమ్మకాయ పిండిన రెండు రోజులకే పాప దగ్గు తగ్గింది. శనివారం పొద్దున పాలకు తీసుకున్నాను. పట్టుకుంది. నేను అలవాటు కొద్దీ అది వదిలేసే క్షణం కోసం చూస్తూ కూర్చున్నాను. వదల్లేదు. గుక్క వెనక గుక్క తాగుతూ, ఒక కాలు ఎత్తి నా గాజుల్లో పెట్టి ఆడుకుంటూ, ముక్కుతోనే గాలి తీసుకుంటూ తాగింది. తాగి తాగి, కడుపు నిండి, దానంతట అదే వదిలి, నోటి పక్కన పాలు కారుతుండగా నా వైపు చూసి నవ్వింది. ఎన్నో వారాల తర్వాత కడుపు నిండి వదిలింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. వంటింట్లోంచి వచ్చిన అత్త, నేను ఏడవడం చూసి ముందు భయపడి, పాపను చూసి, తర్వాత నా నెత్తి మీద ఒకటి మొట్టి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం అమ్మ ఫోను చేసింది. బస్సు ఎక్కానా అని అడిగింది. గది కడిగి పెట్టానని, మీ నాయన బస్టాండుకు వస్తాడని చెప్పింది.

"రావడం లేదమ్మా," అన్నాను.

"ఏంటికి? వాళ్ళు పోవద్దన్నారా?"

"ఎవరూ అనలేదు. పాప పండుకోనుండాది. ఇట్ల విను." ఫోను తీసి ఉయ్యాలలో పాప ముఖం పక్కన పెట్టాను. కాసేపు ఉంచి మళ్ళీ చెవికి పెట్టుకున్నాను.

"ఏమీ వినపడలేదే," అంది అమ్మ.

"అదే."

అమ్మ, గది ఊరికే కడిగానని, ఇంత ఎండలో అంత నీళ్ళు పోసి తుడిచానని తిట్టింది. వచ్చే ఆదివారం తనే వస్తానంది, ఆ యంత్రాన్ని చూడాలంది. నేను సరేనన్నాను. సంచి విప్పి పాప బట్టలు మళ్ళీ అల్మారాలో పెట్టడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే అప్పటికి పాప లేచి, నేను పెట్టినవన్నీ ఒక్కొక్కటిగా కిందికి లాగుతోంది.